రామగుండం ఎండ, రామగుండం బొగ్గు

వేసవి వచ్చిందంటే టీవీల్లో, పేపర్లలో కొన్ని ఊళ్ల పేర్లు వినిపించి తీరతాయి. రెంటచింతల, ఖమ్మం, కొత్తగూడెం, రామగుండం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని చెప్పుకునే నేల మనది. కాబట్టి మాకు ఎండలు ఎప్పుడు లేవని ఎవరైనా ఎదురడిగితే తప్పుపట్టలేం. 45 డిగ్రీలు తాతల నాడూ ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా మారిందేమిటన్నదే అసలు ప్రశ్న.

దానికి జవాబు వెతకడానికి రామగుండమే మంచి చోటు. ఆ ఊరి పేరు ఎండలతో పాటు బొగ్గుకూ ప్రసిద్ధి. పక్కనే గోదావరిఖనిలో సింగరేణి గనులు, ఆ బొగ్గుతో 1983 నుంచి కరెంటు పుట్టిస్తున్న ఎన్టీపీసీ కేంద్రం. 200 మెగావాట్ల యూనిట్లు మూడు, 500వి నాలుగు, వెరసి 2,600 మెగావాట్లు.

లోపల జరిగేది చూడ్డానికి సాదాసీదా పనే. బొగ్గును పిండిలా నూరి బాయిలర్‌లోకి ఊదుతారు. అందులోని కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి మండుతుంది. 12 కిలోల కార్బన్ కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ తయారవుతుంది. అందుకే, మన బొగ్గులో బూడిద పాలు ఎంత ఎక్కువైనా, కిలో బొగ్గు కాలిస్తే అంతకు మించిన బరువున్న వాయువు పొగగొట్టం ఎక్కుతుంది. బొగ్గు కరెంటు ఒక్కో యూనిట్‌కు ఈ వాయువు సుమారు ఒక కిలో. ఎండ తట్టుకోలేక రాత్రంతా ఏసీ వేసుకున్న ఇంట్లో ఎనిమిదో పదో యూనిట్లు కాలితే, తెల్లారేసరికి ఆ ఇంటి ఖాతాలో అన్ని కిలోలూ పడినట్టే.

ఈ వాయువు చెడ్డదేమీ కాదు. ఇదీ, నీటి ఆవిరీ లాంటివి గాలిలో లేకపోతే భూమి సగటు ఉష్ణోగ్రత మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండేది. ఎండను అడ్డుకోకుండా లోపలికి రానిస్తాయి, వేడెక్కిన నేల తిరిగి వదిలే ఉష్ణకిరణాలను మాత్రం పట్టి ఉంచుతాయి. చిక్కంతా మోతాదుతోనే. బొగ్గు తీస్తూ పోతే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే అరీనియస్ 1896లోనే లెక్కగట్టాడు. అమెరికాకు చెందిన చార్లెస్ కీలింగ్ 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద కొలతలు మొదలుపెట్టినప్పుడు పది లక్షల పాళ్ల గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 315 పాళ్లు. ఇప్పుడు 420 దాటింది. యంత్రయుగానికి ముందు 280.

సూర్యుడే ఎక్కువ మండుతున్నాడేమో అనేవాళ్లూ ఉన్నారు. అదే నిజమైతే గాలి కిందా పైనా వేడెక్కాలి. కానీ కింది పొర వేడెక్కుతుంటే, దానికి పైనున్న స్ట్రాటోస్ఫియర్ చల్లబడుతోంది. వేడి కిందనే చిక్కుకుపోతోందని చెప్పడానికి ఇంతకు మించిన సాక్ష్యం అక్కర్లేదు.

2024లో ప్రపంచ సగటు ఉష్ణోగ్రత పారిశ్రామిక యుగానికి ముందున్న దానికంటే ఒకటిన్నర డిగ్రీ పైకి చేరింది. భారత్ పెరుగుదల ఇంకా తక్కువ. 1901 నుంచి 2018 వరకు చూస్తే సుమారు 0.7 డిగ్రీలు. మన గాలిలోని పొగ, ధూళి కొంత ఎండను వెనక్కి కొట్టడం దీనికి ఒక కారణం. సంతోషించాల్సిన సంగతి కాదిది. ఆ పొగే ఊపిరితిత్తులను తింటోంది, గాలిని శుభ్రం చేసుకున్న రోజున ఆ తెర కూడా తొలగుతుంది.

డిగ్రీ కూడా లేని తేడాకు ఇంత గోలెందుకు? సగటు కాస్త జరిగితే చాలు, అరుదుగా వచ్చే విపరీతాలు తరచుగా రావడం మొదలుపెడతాయి. 2015 మే నెలాఖరులో వడగాడ్పులకు దేశంలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు తెలుగువాళ్లే. వాతావరణ శాఖ చెప్పే 45 డిగ్రీలు గాలాడే చెక్కపెట్టెలో, నీడన కొలిచినవి. ఓపెన్‌కాస్ట్ గనిలో నల్లటి బొగ్గు మీద నిలబడ్డ మనిషికి, ఉపాధి హామీలో మట్టి తవ్వే మనిషికి తగిలేది వేరు.

శరీరం చల్లబడటానికి ఉన్న పెద్ద దారి చెమట ఆరడం. గాలిలో తేమ ఎక్కువైతే చెమట కారుతుంది గాని ఆరదు. మైదానాల్లో 40 డిగ్రీలకు చేరితే గాని వడగాడ్పు మాటెత్తని వాతావరణ శాఖ కోస్తాలో 37 దగ్గరే లెక్కలోకి తీసుకోవడం ఈ ఉక్కపోతను దృష్టిలో పెట్టుకునే. ఇక రాత్రుళ్లు. పగలంతా ఎండకు కాగిన రేకుల ఇంట్లో అర్ధరాత్రి దాకా సెగ తగ్గదు. పగటి దెబ్బ నుంచి గుండె తేరుకోవాల్సిన వేళలు అవే.

వేడి ఎండతోనే ఆగదు. ఒక డిగ్రీ పెరిగితే గాలి సుమారు ఏడు శాతం ఎక్కువ ఆవిరిని మోయగలదు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. తెలంగాణలో అది రికార్డు. ఫలానా వానకు వేడొక్కటే కారణమని తేల్చలేం గాని, ఇలాంటి కుండపోతలకు కావలసిన సరుకు ఇప్పుడు ఆకాశంలో ఎక్కువే ఉంది.

దీనికి బాధ్యత రామగుండం నెత్తిన వేస్తే అన్యాయం. ఇంతవరకు మనుషులు గాలిలో కలిపిన కార్బన్ డయాక్సైడ్ మొత్తంలో సుమారు నాలుగో వంతు అమెరికా ఒక్కదానిదే. అయినా బొగ్గు వదలడం మనకూ తప్పదు. రామగుండం కేంద్రం రిజర్వాయర్ మీదే 100 మెగావాట్ల తేలే సౌర ఫలకాలు 2022 నుంచి పూర్తిగా పనిచేస్తున్నాయి. వాటితో వచ్చే ఇబ్బంది ఏసీలు ఎక్కువగా తిరిగే రాత్రివేళ కరెంటు ఇవ్వలేకపోవడం. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీ పథకం చేపట్టింది ఈ అవసరానికే. పగటి కరెంటుతో నీళ్లను పై జలాశయానికి తోడి పెట్టుకుంటారు, పొద్దుగూకాక కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు.