పూటకూటి యింట ఒక రాత్రి

ఆంగ్లదేశమున సముద్రపుటొడ్డున నున్న ఊళ్లకు పోయినవారికి 'బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్టు' అను పలక గుమ్మమున వ్రేలాడు ఇండ్లు తరచుగా కనబడును. ఒక కుటుంబము తాము కాపురముండు ఇంటిలోనే రెండు మూడు గదులు బాటసారులకు విడిచి, రాత్రికి పడకయు, తెల్లవారిన పిమ్మట ఫలహారమును సమకూర్చి, అందులకు కొంత సొమ్ము పుచ్చుకొనును. అది హోటలు కాదు. అక్కడ గంట కొట్టినచో పరుగెత్తి వచ్చు నౌకరు లేడు. సత్రమును కాదు, ఊరక తిని పోవుటకు వీలులేదు. అది ఒకరి ఇల్లు. నూరు నూటయేబది యేండ్లనాటి ఇల్లైనచో దానికి గిరాకీ మరింత హెచ్చు. పాత మెట్ల కిర్రుచప్పుడు వినుటకు సైతము జనులు డబ్బిత్తురు!

ఇది పాశ్చాత్యుల కొత్త వింత యని మనలో పలువురు తలంతురు. మా అభిప్రాయము వేరు. ఈ వ్యాపారమునకు తెలుగులో చక్కని పేరు ఏనాడో కలదు. పూటకూటి యిల్లు, లేక పూటకూళ్ల యిల్లు. పూటకు ఇంత యని సొమ్ము తీసికొని, తమ ఇంటనే వండి వడ్డించు ఏర్పాటది. కాకతీయుల ఓరుగల్లును కన్నులకు గట్టించు 'క్రీడాభిరామము'లో గోవింద మంచనశర్మయు, టిట్టిభసెట్టియు నగరమంతయు తిరిగి ఆకలిగొని యట్టి ఇంటికే పోదురు. అచ్చట ఒక్క రూకకు లభించు భోజనమును కవి లెక్కపెట్టి చెప్పినాడు: సన్నబియ్యపుటన్నము, గోధుమపిండితో వంట, పంచదార, పెసరపప్పు, నెయ్యి, పండ్లు, నాలుగైదు నంజుళ్లు, పెరుగు. వెల ముందే తెలియును, వంటకములు ముందే తెలియును, వండినది ఇంటివారే. నేటి కాలపు పలకలపై వ్రాయుదు రన్న వివరములలో ఇందు లోపించిన దేదియు మాకు కానరాదు.

మరి ఇంత పాతకాలపు ఏర్పాటు మనలో గౌరవమేల పోగొట్టుకొన్నది? కారణము మన ధర్మబుద్ధిలోనే యున్నది. అన్నమును దానము చేయవలెనే గాని విక్రయింపరాదని పెద్దలు నమ్మిరి. అన్నవిక్రయము పాపమని పేరుపడిన దేశములో ఆ పని చేయువారికి తలవంపు తప్పలేదు. గోదావరి లంకల గన్నవరమున వచ్చినవారికెల్ల అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారు (1841–1909) అన్నపూర్ణ యనిపించుకొనిరి. అది అక్షరాల తగిన కీర్తి. కాని అదే కాలమున విజయనగరమువంటి పట్టణములలో విద్యార్థులకును ఉద్యోగులకును పూటకూళ్లు పెట్టి పొట్టపోసికొన్న స్త్రీలు ఎందరో. వారిలో హెచ్చుమంది దిక్కులేని వితంతువులు. వారికి ఆస్తి లేదు, చదువు లేదు, మరల పెండ్లి లేదు. వంట యొక్కటియే చేతనున్న విద్య. సంఘము వారికి దక్కించిన దేమి? అపవాదు. గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కము' 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చుపడి, 1909లో పెంచి తిరుగవ్రాయబడినది. అందులోని పూటకూళ్లమ్మను చూడుడు. ఆమె సొమ్ము తినినవాడు గిరీశము. నవ్వులపాలైనది మాత్రము చీపురుకట్ట పుచ్చుకొని వచ్చిన ఆమె. నాటకము చూచి నవ్విన మనలో ఎందరము ఆమె కష్టార్జితమును గూర్చి ఒక నిమిషము ఆలోచించితిమి? ఆమెకు కనీసము ఒక పేరైనను లేదు, వృత్తియే పేరు.

దానమునకు మ్రొక్కి, వెలకు మొగము చిట్లించుటచేత మనకు మిగిలినవి సత్రములు. వాని మేలును తక్కువ చేయుట మా ఉద్దేశము కాదు. చెన్నపట్నము నుండి ఉత్తరమునకు పోవు పెద్దబాటపై వాని ఆనవాళ్లు ఊళ్ల పేర్లలోనే నిలిచిపోయినవి. గూడూరునుండి సూళ్లూరుపేటకు పోవు దారిలో దొరవారిసత్రము అను ఊరున్నది. రైలు అక్కడ ఆగినపుడు ఆ పలకను చదివి, ఇది ఒకనాడు మూటముల్లెలు దించుకొన్న చోటు గదా యని తలచువారు అరుదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన పెద్ద పరివారముతో చెన్నపట్నము విడిచి కాశికి పోయి, తీరపు జిల్లాల మీదుగా దక్షిణమునకు మరలి, 1831 సెప్టెంబరు 3వ తేదీకి ఇల్లు చేరుకొనిరి. 1838లో అచ్చైన వారి 'కాశీయాత్ర చరిత్ర'లో ప్రతి మజిలీకిని విడిది యెట్టిది, నీళ్లెట్టివి, అంగళ్లు కలవా లేవా యను విషయములే ముందుగా వచ్చును. దారి నడచువాడు మొదట అడుగు ప్రశ్నలు అవియే గదా.

సత్రమునకు ఒక పరిమితి యుండెను. అందరికిని అన్నిట ప్రవేశము లేదు; ఎవరి పంక్తి వారిది, కొందరికి గడపయే దాటరానిది. ఇతరుల చేతివంట తిననివారు బియ్యము పప్పులు తీసికొని స్వయంపాకము చేసికొనెడివారు. ఈ మాట వ్రాయుచుండగా మాకొక విచిత్రమైన పోలిక తోచుచున్నది. బ్లాక్‌పూలు అను ఆంగ్లేయుల సముద్రతీరపు ఊరికి 1846లో రైలు వచ్చినది. నూలుమిల్లుల కూలీలు సెలవు దినములలో అచ్చటికి మూగెడివారు. వారును తమ తిండిసామగ్రిని తామే కొని తెచ్చుకొని ఇంటి యజమానురాలికిచ్చెడివారు. ఆమె ఎవరిది వారికి వండి పెట్టెడిది. బల్లమీద ఉప్పు, మిరియాలపొడి పెట్టినందుకు సైతము కొందరు వేరుగా పద్దు వ్రాసెడివారట! మన సత్రమున సామగ్రి ధర్మకర్తది, వంట బాటసారిది. అక్కడ సామగ్రి బాటసారిది, వంట యజమానురాలిది. తరువాత అక్కడ 1871లో బ్యాంకు సెలవుల చట్టమును, 1938లో జీతముతో కూడిన సెలవుల చట్టమును వచ్చినవి. సామాన్యునికి సెలవు దొరకినకొలది ఆ స్త్రీల ఇండ్లు నిండినవి. అక్కడను ఆ యజమానురాండ్రపై హాస్యములకు కొదువలేదు. అయినను వ్యాపారము నిలిచినది, మర్యాదయు క్రమముగా దక్కినది.

మన తీరమునకు ఆంగ్లేయులు వచ్చుట సంగతి చెప్పవలసివచ్చినచో గూడూరు ప్రాంతమునుండియే మొదలిడవలెను. దుగ్గరాజుపట్నమున వారు 1626లోనే వర్తకస్థావరము ఏర్పరచుకొని, ఆ చోటికి ఆర్మగాన్ అని పేరిడిరి. ఆర్ముగ మొదలియారు అను ఆయన తోడ్పాటును బట్టి యా పేరు వచ్చినదందురు. అక్కడి అధికారి ఫ్రాన్సిస్ డే 1639లో చెన్నపట్నపు చోటు సంపాదించిన పిమ్మట దుగ్గరాజుపట్నము వెనుకబడిపోయెను. తరువాతి కాలమున దొరలు తిరుగు దారులలో ట్రావెలర్సు బంగళాలు వెలసినవి. ఎత్తయిన వసారా, రెండు గదులు, నులకమంచము, వెనుక వంటపాక, ఒక ఖాన్సామా. దొర గుర్రము దిగిన తరువాత ఖాన్సామా కోడిని తరుముట మొదలుపెట్టును. అందుచేత భోజనమునకు ఎంతసేపు పట్టునో కోడి చురుకుదనమును బట్టి యుండును! ఒక దినము గడచినంతట, వెనుక వచ్చిన బాటసారికి చోటీయవలెనను నియమము బంగళాలలో సాధారణముగా నుండెను. అద్దె పుచ్చుకొనుటకు అచ్చట ఎవ్వరును సిగ్గుపడలేదు. అయితే అది ఎవ్వరి యిల్లును కాదు.

బకింగ్‌హాము కాలువను సైతము ఒక విడిదిగానే చెప్పవచ్చును. 1806లో చెన్నపట్నమునొద్ద ఆరంభమై, 1876–78 నాటి దారుణమైన కరవు పనులలో పొడిగింపబడి, నాటి గవర్నరు పేరు దాల్చిన ఈ కాలువ, గూడూరునకు తూర్పున సముద్రమును అంటిపెట్టుకొని సాగుచున్నది. ఉప్పు, కట్టెలు తీసికొనిపోవు పడవలు గట్టు వెంబడి మనుష్యులు త్రాడు లాగగా నడిచెడివి. పడవలోనే వంట, పడవలోనే నిద్ర. 1899లో బెజవాడ నుండి చెన్నపట్నమునకు రైలుదారి పూర్తియైన తరువాత ప్రయాణికులు తగ్గిరి. 1965, 1966 సంవత్సరముల తుపానులు కాలువను మరింత చెడగొట్టినవి. 2008లో దీనిని జాతీయ జలమార్గములో భాగముగా ప్రకటించిరి.

ఇప్పుడు అసలు విషయమునకు వత్తము. ఈ తీరమునకు నేడు జనము రాకపోలేదు. 1976లో అభయారణ్యమైన నేలపట్టు చెరువునకు అక్టోబరు మొదలు మార్చి వరకు గూడబాతులు వచ్చి నీటికణప చెట్లపై గూళ్లు కట్టును. పులికాటు సరస్సున రాజహంసలు బారులు తీరును. శ్రీహరికోటలో 2019 నుండి రాకెట్టు ప్రయోగమును సామాన్యులు కూర్చుండి చూచుటకు గ్యాలరీ యున్నది. తూపిలిపాళెమునను, మైపాడునను సవకతోటల నడుమ సముద్రమున్నది. కాని వచ్చినవారిలో అనేకులు సాయంకాలమునకే కారెక్కి చెన్నపట్నమో నెల్లూరో చేరుకొందురు. పక్షులు కనబడునది తెల్లవారుజామున. చూడవచ్చినవారు దిగునది పదిగంటలకు. రాత్రి అక్కడనే గడపినగాని నేలపట్టు చూచినట్లు కాదు. వారు వెచ్చించు సొమ్ములో ఈ పల్లెలకు దక్కునది ఒక కొబ్బరిబోండము వెల మాత్రమే.

అదే ప్రాంతమున పాత ఇండ్లున్నవి. నడుమ ఆకాశము కనబడు మండువా, చుట్టును వసారాలు, చేతికి నున్నగా తగులు టేకు స్తంభములు. పిల్లలు హైదరాబాదునకో అమెరికాకో పోగా, మిగిలిన ముసలిదంపతులు రెండు గదులలో కాలము గడపుచు తక్కిన గదులకు తాళము వేసికొందురు. తాళమువేసిన గదికి ఉప్పుగాలియు చెదలును కాపురము వచ్చును. కప్పు కురియును, దూలము పుచ్చును, కడకు ఇల్లు కొట్టివేసి కలప అమ్ముదురు. అద్దె కొంచెమైనను వచ్చు గది యైనచో ఏటేట సున్నము పడును. పాత ఇల్లు నిలుచుటకు మ్యూజియము కంటె కాపురము మేలని మా నమ్మకము.

ప్రభుత్వ నియమములు కఠినమైనవి కావు. కేంద్ర పర్యాటక శాఖవారి పద్ధతి ప్రకారము ఒక గది మొదలు ఆరు గదుల వరకు, పండ్రెండు పడకలకు మించకుండ అతిథులకీయవచ్చును. యజమాని కుటుంబము అదే యింట నివసింపవలెను. సౌకర్యములను తనిఖీ చేసి బంగారు, వెండి యను రెండు తరగతులుగా నిర్ణయింతురు. ఢిల్లీలో 2010 నాటి కామన్‌వెల్తు క్రీడలకు ముందే, 2007లో, దీనికై ఒక చట్టమునే చేసిరి. విదేశీయుడు బసచేసినచో 24 గంటలలోగా అధికారులకు తెలుపవలెను. స్నానపుగది శుభ్రతయే అన్నిటికంటె ముఖ్యము; ఈ విషయమున మన ఇండ్లు ఇంకను నేర్వవలసినది కలదు. దొడ్డిలో దూరముగా నున్న మరుగుదొడ్డికి రాత్రివేళ లాంతరు పట్టుకొనిపోవుట ఎంత చారిత్రకమైనను అతిథి మెచ్చడు.

ఫలహారము మాటకు మాత్రము మనవారు ఎవ్వరికిని తీసిపోరు. కారముదోసెయు, పులిబొంగరములును కల జిల్లాలో అతిథికి రొట్టెముక్కలును జామును పెట్టుట అన్యాయము. అక్కడక్కడ మేము విడిది చేసినపుడు గమనించిన లోపమిదియే: ఇంటివారు తాము వంటింట కూర్చుండి ఇడ్లీ తినుచు, మాకు మాత్రము నగరమర్యాద యని చల్లారిన రొట్టె పంపిరి. అడిగిన మీదట సంతోషముతో తమ వంటకము వడ్డించిరి. అడుగుటకు అతిథి మొగమాటపడనక్కరలేదు. అట్లే వెల అడుగుటకు గృహిణి మొగమాటపడనక్కరలేదు. మన పక్షమున నిజమైన చిక్కు ఇచ్చటనే యున్నది. "ఏదో మీకు తోచినది ఈయండి" అను మాట వినుటకు ఇంపుగా నుండును గాని, దానివలన ఇచ్చువానికి ఇబ్బంది, పుచ్చుకొనువారికి నష్టము. గదికి ఇంత, ఫలహారమునకు ఇంత, రాత్రి చేపలపులుసు కావలసినచో ఇంత యని ముందే చెప్పుట మేలు. అట్లు చెప్పినంత మాత్రమున ఆమె పెట్టు అన్నము రుచి తగ్గదు. ఓరుగల్లులో రూక పుచ్చుకొన్న యిల్లాలు చేతులు కడుగుకొనుటకు నీళ్లిచ్చుట మానియుండదు గదా!

పక్షులకై పోదలచినవారికి ఒక మాట. వానలు బాగుగా పడిన యేడు డిసెంబరు, జనవరి మాసములు అనుకూలమైనవి. చెరువులో నీరు లేని యేడు పక్షులు వేరుచోటులు వెదకుకొనును. తుపాను రోజులలో ఈ తీరమునకు పోవలదు. మిగిలిన దినములలో ముందురోజు సాయంకాలమునకే చేరుకొని, ఇంటివారితో తెల్లవారుజామున నాలుగున్నరకు లేపుమని చెప్పి పడుకొనుడు. పల్లెటూరి ఇంట అలారము గడియారము అవసరముండదు. పాలు పిదుకువారి అలికిడికే మెలకువ వచ్చును.