స్పోర్ట్స్ కారు కనబడగానే మన బండ్లకు ఏమవుతుంది?

మదనపల్లె, పుంగనూరు, పలమనేరు, కుప్పం... అక్కడి నుంచి తమిళనాడులోని క్రిష్ణగిరి వైపు. ఈ ఊళ్లన్నిటినీ కలిపేది ఒకటే రోడ్డు, 42వ నంబరు జాతీయ రహదారి. పొద్దున లేస్తే టమాట లారీలు, పాల వ్యాన్లు, కాలేజీ బస్సులు, ఆటోలు, మధ్యలో ఎవరివో ఆవులు. ఈ రద్దీలోకి ఒక ఆదివారం కర్ణాటక నంబరు ప్లేటుతో, నేలకు అతుక్కుపోయినట్టుండే పసుపు రంగు కారు ఒకటి వచ్చిందనుకోండి. కారు కంటే ముందు దాని శబ్దం వస్తుంది. ఆ తర్వాత రెండు నిమిషాల పాటు రోడ్డు మీద ఎవరూ మామూలుగా ఉండరు.

బైకు మీదున్న పిల్లోడు యాక్సిలరేటర్ మెలిపెడతాడు. అంతవరకూ స్విఫ్ట్‌లో అరవై మీద నిమ్మళంగా పోతున్న పెద్దమనిషి, కారణం లేకుండానే ఎనభైకి ఎక్కుతాడు. లారీ డ్రైవరు దారి ఇచ్చినట్టే ఇచ్చి మళ్లీ కుడికి జరుగుతాడు. ఆటోలో కూర్చున్నవాళ్లు ఫోన్లు బయటికి తీస్తారు. ఆటో తోలే భాయ్ కూడా ఒక చేత్తో హ్యాండిల్ పట్టుకుని, తల పక్కకు తిప్పి చూస్తూనే ఉంటాడు. రోడ్డు మాత్రం ఎదురుగానే ఉంటుంది.

ఇలాంటి కార్ల గురించి మాట వచ్చినప్పుడల్లా మనం మాట్లాడుకునేది దాన్ని తోలేవాడి గురించే. పైసల పొగరు అని, ఎవరినో ఒకరిని గుద్దేదాకా ఆగరని. అందులో నిజం లేకపోలేదు, ఆ సంగతి కిందికి వస్తుంది. కానీ మన వైపు రోడ్ల మీద ఆ కారు ఒక్కటే ఉంటుంది, దాని చుట్టూ పది బండ్లు ఉంటాయి. ఆ పది బండ్లూ మనవే. వాటి మీదున్నది మన పిల్లలే.

అసలు మూడు, నాలుగు కోట్ల కారుకు మన ఊళ్లలో ఏం పని అంటే, బెంగళూరు దగ్గర కాబట్టి. హోస్కోట, చింతామణి మీదుగా మదనపల్లెకు సుమారు 120 కిలోమీటర్లే. నగరంలో ట్రాఫిక్ వల్ల రెండో గేరు కూడా దాటని కార్లు సెలవు రోజున తెల్లవారుజామున బయటికి వస్తాయి. మనకు హార్స్‌లీ హిల్స్ ఉంది. చల్లటి గాలి, వంకర్ల ఘాట్ రోడ్డు, పైన టిఫిను. వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి?

వెంటపడే బైకు

అన్నిటికంటే ఎక్కువగా జరిగేదీ, ఎక్కువ ప్రమాదమైనదీ వెంటపడడం. ఆర్15 లాంటి బండి మీద ఉన్న పిల్లోడికి తను గెలవడని తెలియదా? బాగా తెలుసు. వాడి ఇంజను 155 సీసీ, శక్తి పద్దెనిమిది హార్స్‌పవర్‌కు కాస్త ఎక్కువ. ల్యాంబోర్గిని హురాకాన్ అనే కారుకు సుమారు 600. ఎద్దుల బండి వందేభారత్ వెంట పరిగెత్తినట్టు ఉంటుంది. వాడికి కావాల్సింది గెలుపు కాదు, వీడియో. కారూ తనూ ఒకే ఫ్రేములో పడాలి. ఆ రాత్రికి అది రీల్ కావాలి.

ఫ్రేములో పడాలంటే కారు పక్కనే పోవాలి. కష్టమంతా అక్కడే. ఇలాంటి కార్లలో డ్రైవరు చాలా కిందికి కూర్చుంటాడు. చాలావాటిలో ఇంజను వెనక ఉంటుంది, వెనక అద్దం ఒక చీలికంత ఉంటుంది. పక్క వెనకగా, డోరు అంచు దగ్గర నడుస్తున్న బైకు వాడికి అద్దంలోనూ కనబడదు, తల తిప్పినా సరిగ్గా కనబడదు. మన పిల్లోడేమో 'ఇంత దగ్గరగా ఉన్నాను, నన్ను చూడడా' అనుకుంటాడు. పైగా ఒక చెయ్యి ఫోను మీద ఉంటుంది. అంటే బ్రేకు మీద ఉండాల్సిన వేళ్లు లేవు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఒక్క సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతాం. ముందు కారు బ్రేకు వేసిందని కన్ను చూసి, బుర్ర ఒప్పుకొని, కాలూ చెయ్యీ కదిలేసరికి ఆ సెకను అయిపోతుంది. స్పోర్ట్స్ కారు టైర్లు వెడల్పు, బ్రేకులు పెద్దవి. వంద నుంచి సున్నాకు 35 మీటర్ల లోపలే ఆగిపోయేవి ఉన్నాయి. మామూలు బైకుకు, అదీ ఆరితేరిన చేతుల్లో, ఇంకో పది పదిహేను మీటర్లు ఎక్కువే కావాలి. కాబట్టి అలాంటి కారు దూసుకుపోయేటప్పుడు వెనకవాడికి పెద్ద ముప్పు లేదు. అది ఆగేటప్పుడే ముప్పు.

ఎందుకు ఆగుతుంది? మన రోడ్ల మీద కారణాలకు కొదవా! కుక్క, ఆవు, రాంగ్ రూటులో వచ్చే ట్రాక్టరు. అన్నిటికంటే మించి స్పీడ్ బ్రేకరు. ఊరు వస్తే ఒకటి, బడి వస్తే ఒకటి, కొన్నిటికి తెల్ల గీతలు కూడా ఉండవు. ఈ కార్ల కడుపు కింద 12, 13 సెంటీమీటర్ల ఎత్తు కూడా ఉండనివి చాలా. స్విఫ్ట్‌కు 16 ఉంటుంది. అందుకే స్పోర్ట్స్ కారు స్పీడ్ బ్రేకరు దగ్గర దాదాపు ఆగిపోయి, ఏటవాలుగా, ఒక్కో చక్రం ఎక్కించుకుంటూ దాటుతుంది. ఇన్నోవా లాగా ఎగిరి దాటేస్తుందని వెనక వచ్చేవాడు అనుకుంటే తిన్నగా పోయి డిక్కీకి కొట్టుకోవడమే. ఆ డిక్కీలో ఇంజను ఉందన్న సంగతి తర్వాత తెలుస్తుంది, బిల్లుతో పాటు.

ఆ ఏటవాలు నడకను చూసి కూడా జనానికి కోపం వస్తుంది. 'రోడ్డంతా వాడిదే అన్నట్టు అడ్డంగా పోతున్నాడు చూడు' అని హారన్ మోగిస్తారు. నిజానికి అక్కడ వాడు పొగరు చూపించడం లేదు, భయపడుతున్నాడు.

హారన్ సంగతి

ఖరీదైన కారు ముందు మనుషులు ఎలా మారతారో చూద్దామని అమెరికాలో ఆంథొనీ డూబ్, అలన్ గ్రాస్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని చేశారు. ఫలితాలు 1968లో అచ్చయ్యాయి. కాలిఫోర్నియాలో సిగ్నల్ దగ్గర ఒక కారును ఆపి, పచ్చ లైటు పడ్డాక కూడా కదల్చలేదు. కొన్నిసార్లు అది మెరిసిపోయే కొత్త క్రైస్లర్, కొన్నిసార్లు పాత డొక్కు కారు. వెనకున్నవాళ్లు ఎప్పుడు హారన్ కొడతారో లెక్కపెట్టారు. పాత కారు వెనక 100లో 84 మంది 12 సెకన్లలోపే కొట్టారు. ఖరీదైన కారు వెనక 50 మందే. ఇద్దరైతే పాత కారు బంపరును తమ కారుతో తాకించారు కూడా.

ఇందులో అసలు తమాషా వేరే ఉంది. 'మీరైతే ఏం చేస్తారు' అని కాలేజీ విద్యార్థులను విడిగా అడిగితే, మగపిల్లలు ఖరీదైన కారు మీదే ముందుగా హారన్ కొడతామన్నారు. నోటి మాట ఒకటి, చేతి పని ఇంకొకటి.

మన దగ్గర హారన్‌తో ఇది కొలవలేం. లారీ వెనక 'సౌండ్ హారన్' అని రాసి మరీ పిలిచే దేశం మనది. మన అసూయ, మన ముచ్చట రెండూ యాక్సిలరేటర్‌లో బయటపడతాయి. కారు ఆగి ఉంటే అందరూ మర్యాదస్తులే. టీ కొట్టు దగ్గర అదే కారు నిలబడితే మెల్లగా దగ్గరికి పోయి 'సార్, ఒక సెల్ఫీ' అంటారు. అది కదిలి మనల్ని దాటేసరికి మాత్రం మన పరువేదో పోయినట్టు అవుతుంది.

ఆ మాటకొస్తే దీనికి స్పోర్ట్స్ కారే ఉండనక్కర్లేదు. బురఖా వేసుకున్న ఒక ఆపా స్కూటీ మీద దాటిపోయినా కొందరు కుర్రాళ్ల చెయ్యి అలాగే తిరుగుతుంది. పిల్లను బడిలో దింపడానికి పోతున్న ఆమెను మళ్లీ దాటి, ముందుకొచ్చి బ్రేకు వేసే ఘనులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

దాటుతున్న బండి ఏదైనా సరే, దాటించుకుంటున్నవాడు వేగం పెంచకూడదు, దానికి అడ్డం పడకూడదు. ఇది మర్యాద కోసం చెప్పే మాట కాదు, కేంద్రం తెచ్చిన డ్రైవింగ్ నిబంధనల్లో రాసి ఉన్న రూలు. తోలుతూ చేత్తో ఫోను వాడడం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కిందకు వస్తుంది, మొదటిసారికే రూ.5,000 వరకు జరిమానా, జైలుకూ వీలుంది. రోడ్డు మీద పందెం పెట్టుకుంటే 189వ సెక్షన్: మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ. 'అవతలివాడు సై అన్నాడు' అన్నది సాకు కాదు.

మన సమాజానికి ఇది కొత్త విషయమేమీ కాదు. హైదరాబాద్‌లో షబ్-ఎ-బరాత్ రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు. ఇబాదత్ కోసం మేల్కొనే రాత్రి బైకు పందేలు ఆపడానికి వంతెనలకు అడ్డం పెట్టాల్సి రావడం ఎంత సిగ్గుచేటో పెద్దవాళ్లు ఏటా అనుకుంటూనే ఉన్నారు. 2011 సెప్టెంబరులో మాజీ క్రికెట్ కెప్టెన్ మహమ్మద్ అజహరుద్దీన్ కొడుకు అయాజుద్దీన్ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద 1000 సీసీ సుజుకీ బైకు ప్రమాదంలో గాయపడి, కొద్దిరోజులకు చనిపోయాడు. వయసు 19. వెనక కూర్చున్న 16 ఏళ్ల బంధువూ బతకలేదు.

ఇక కార్ల వాళ్ల సంగతి. వాళ్లను వెనకేసుకు రావాల్సిన పని లేదు. 2024 మే 19న పుణెలో 17 ఏళ్ల పిల్లోడు తోలిన పోర్షే కారు గుద్ది, బైకు మీదున్న ఇద్దరు యువ ఇంజనీర్లు చనిపోయారు. ఆ పిల్లోడి తండ్రిని కూడా అరెస్టు చేశారు. దేశమంతా మండిపడింది, మండిపడాల్సిందే. కానీ ఆ కోపాన్ని తెచ్చి మన రోడ్డు మీద ముక్కూ మొహం తెలియని ఇంకో కారు మీద చూపిస్తే దెబ్బ ఎవరికి? రెండు చక్రాలవాడికే. ఒంటికీ, జేబుకీ.

జేబు లెక్క

ఈ లెక్క చాలా ఇళ్లలో తెలియదు. బండికి ఇన్సూరెన్స్ ఉందిలే అనుకుంటారు. 150 నుంచి 350 సీసీ బైకుకు థర్డ్ పార్టీ ప్రీమియం 2022 జూన్‌లో ఏడాదికి రూ.1,366గా పెట్టారు, జీఎస్టీ అదనం. ఆ పాలసీ అవతలి మనిషికి గాయమైనా, ప్రాణం పోయినా ట్రిబ్యునల్ వేసిన పరిహారం కడుతుంది, దానికి గరిష్ఠ పరిమితి లేదు. అవతలి ఆస్తికి, అంటే కారుకు, జరిగిన నష్టానికి మాత్రం పరిమితి ఉంది. టూవీలరుకైతే లక్ష రూపాయలు. కారుకైతే ఏడున్నర లక్షలు.

స్పోర్ట్స్ కారు బంపరు, లైటు, వెనక ప్యానెల్ కలిపితే లక్ష దగ్గర ఆగదు. కారాయన తన సొంత ఇన్సూరెన్స్ నుంచి బాగు చేయించుకోవచ్చు. అయితే అంతటితో అయిపోదు. తప్పు బైకుదని తేలితే, ఆయనకు డబ్బు కట్టిన కంపెనీ ఆయన స్థానంలో నిలబడి బైకు యజమాని దగ్గర వసూలుకు రావచ్చు. లక్ష దాకా మీ పాలసీ చూసుకుంటుంది, పైది మీ ఇంటిది. తోలినవాడికి లైసెన్సు లేకపోతే, గాయపడినవాళ్లకు కంపెనీ ముందు కట్టిన డబ్బును కూడా తర్వాత యజమాని నుంచి రాబట్టుకోవచ్చు.

యజమాని అంటే ఎవరు? ఆర్సీలో పేరున్నవాళ్లు. మన వైపు చాలా బండ్లు కువైట్‌లోనో సౌదీలోనో ఉన్న అబ్బా పేరు మీద ఉంటాయి, లేదంటే అమ్మీ పేరు మీద. పిల్లోడికి పద్దెనిమిది నిండకపోతే 199ఏ సెక్షన్ ప్రకారం సంరక్షకుడినో, బండి యజమానినో దోషి కిందే చూస్తారు: మూడేళ్ల దాకా జైలు, రూ.25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. తమకు తెలియకుండా తీసుకుపోయాడని పెద్దలు నిరూపించుకుంటే వేరే సంగతి. తాళం చెవి రోజూ గుమ్మం పక్కన మేకుకు వేలాడే ఇంట్లో ఆ మాట ఎవరు నమ్ముతారు?

రోడ్డు మీద చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. వెనక నుంచి అలాంటి కారు వస్తుంటే ఎడమకు ఉండి, ఉన్న వేగంలోనే పోతూ ఉండాలి, అదే దాటిపోతుంది. దాని వెనక ఉంటే మామూలు కారుకు వదిలే ఎడం కంటే ఎక్కువ వదలాలి. దాని పక్కన సమానంగా పోకూడదు. ఎవరైనా కావాలని కవ్విస్తుంటే, కారైనా బైకైనా, పెట్రోలు బంకులోకో హోటల్ దగ్గరికో తిప్పి ఆగి 112కు ఫోను చేయొచ్చు. ఫొటో కావాలంటే ఆగినప్పుడు అడిగి తీసుకోవచ్చు. చాలామంది కాదనరు, కొందరైతే పిల్లల్ని లోపల కూర్చోబెట్టి మరీ తీయిస్తారు.

ఇంట్లో చేసుకోవాల్సిన పని ఒకటుంది. బైకు పాలసీ కాగితం తీసి, థర్డ్ పార్టీ ప్రాపర్టీ డ్యామేజ్ అన్న వరస ఎక్కడుందో చూడండి. అక్కడ లక్ష అని ఉండాలి. ప్రీమియం కొద్దిగా తగ్గుతుందని కొందరికి దాన్ని చట్టం చెప్పిన కనీస మొత్తానికి కుదించి ఇస్తారు. ఆ కనీసం ఆరు వేల రూపాయలు. అలా ఉంటే రెన్యువల్ అప్పుడు ఏజెంటును అడిగి మార్పించుకోవచ్చు, తేడా కొద్ది రూపాయలే.