వార్తల్లో పదం: నృత్య పునర్నిర్మాణం

వాడుకలోంచి జారిపోయిన నృత్యాన్ని, దొరికిన ఆధారాలతో మళ్లీ వేదికెక్కించడమే నృత్య పునర్నిర్మాణం. అమెరికా నృత్యదర్శకుడు జెరోమ్ రాబిన్స్ తన పాత మ్యూజికల్స్‌లోని నృత్యాలను 1989లో ‘జెరోమ్ రాబిన్స్ బ్రాడ్‌వే’గా కూర్చారు. మరుగునపడ్డ అడుగుల కోసం నాటి నర్తకుల జ్ఞాపకాలను తవ్వారు. దానికి ఉత్తమ మ్యూజికల్‌గా టోనీ అవార్డు దక్కింది.

మన పేరిణి నృత్యానికి అలా గుర్తుచేసేవారు లేరు. దాన్ని పునరుద్ధరించిన నటరాజ రామకృష్ణకు దిక్కు 13వ శతాబ్దపు జాయప సేనాని ‘నృత్తరత్నావళి’, రామప్ప గుడి శిల్పాలు. శిల్పంలో మోకాలి వంపు, చేతి తీరు కనిపిస్తాయి. తర్వాతి అడుగు ఎటు పడిందో, ఏ కాలంలో పడిందో రాయి చెప్పదు. అక్కడ నర్తకుడి తాళజ్ఞానమే ఆధారం. అందుకే పునర్నిర్మాణంలో పాతదెంతో, కొత్తగా కూర్చిందెంతో విడమరచి చెప్పాలి.