బడి లేని గురువుల బడి

ఈత నేర్చుకోవాలంటే నీళ్లలో దిగాలి. వంట రావాలంటే పొయ్యి వెలిగించాలి. మరి పాఠం చెప్పడం నేర్వాలంటే? పిల్లలున్న తరగతి కావాలి. చాలా శిక్షణ కళాశాలల్లో కొరవడింది అదే!

జిల్లాకో డైట్ ఉండాలన్న ఆలోచన 1986 జాతీయ విద్యా విధానంతో వచ్చింది. కొత్తవారికి శిక్షణ, పనిచేస్తున్న టీచర్లకు పునశ్చరణ... రెండూ అక్కడే. కానీ అధ్యాపకులు రిటైరయ్యాక ఎన్నో డైట్‌లలో ఆ కుర్చీలు ఏళ్ల తరబడి ఖాళీగానే ఉండిపోయాయి. ఇంకోపక్క ప్రైవేటు కళాశాలలు పుట్టగొడుగుల్లా వెలిశాయి. మహారాష్ట్రలో మొదలైన గుర్తింపు వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2011లో జస్టిస్ జె.ఎస్.వర్మ సారథ్యంలో ఓ సంఘం ఏర్పాటైంది. ఉపాధ్యాయ శిక్షణ సంస్థల్లో దాదాపు 90 శాతం ప్రభుత్వేతరమేనని 2012లో ఆ సంఘం తేల్చింది. తనిఖీలు పకడ్బందీగా సాగాలంది. ప్రతి శిక్షణ సంస్థకూ అనుబంధంగా ఒక బడి ఉండాలని, అదే దానికి ప్రయోగశాల కావాలని సూచించింది.

2015లో బీఎడ్‌ను రెండేళ్లు చేశారు. సరే, కాలం పెరిగింది. కళాశాల ముఖం చూడకుండానే హాజరు పడిపోతుంటే ఏళ్లు పెంచి ఏం లాభం? ఫీజు కట్టి పట్టా తెచ్చుకున్నవారికి పోయేది కొంత డబ్బే. వడ్డీతో సహా చెల్లించేది మాత్రం రేపు వారి ఎదుట కూర్చునే పిల్లలు!