కంప్యూటర్ తెరుచుకునేలోపు కందిపప్పు ఉడికిపోతోందా?

మీ ఇంట్లో పాత కంప్యూటర్ ఉందా? బటన్ నొక్కి, కుక్కర్లో పప్పు పెట్టి, మూడు విజిల్స్ అయ్యాక వచ్చి చూసినా తెర మీద ఆ చక్రం ఇంకా తిరుగుతూనే ఉందా? "ఇది ఇంక లెగవదులే, పాత సామాన్లవాడికి వేసేద్దాం" అని శ్రీవారు, "కొత్త ల్యాప్‌టాప్ కొనమ్మా" అని పిల్లలు రోజూ మీ చెవిలో జోరీగల్లా పోరుతున్నారా? ఒక్క క్షణం ఆగండి. పదేళ్ళ కిందటి కంప్యూటర్ నెమ్మదించిందంటే దాని ఆయుష్షు తీరిందని కాదు. చాలాసార్లు అది సర్దక వదిలేసిన ఇల్లు, అంతే!

పొదిలిలాంటి ఊళ్ళో ఈ సంగతి ఇంకాస్త ముఖ్యం. మన దగ్గర డబ్బు నెలనెలా రాదు. పొగాకు వేలం అయ్యాకనో, మిరపకాయలు గుంటూరు యార్డుకు చేరాకనో, పత్తి అమ్ముడుపోయాకనో వస్తుంది. వచ్చీ రాగానే ఎరువుల కొట్టు బాకీ, కాలేజీ ఫీజు ముందు నిలబడతాయి. ఆ డబ్బులోంచి కొత్త కంప్యూటర్‌కి తీసేముందు పాతదాన్ని ఒకసారి పరీక్షగా చూడటం తప్పేమీ కాదు. పైగా పిల్లవాడి ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టుకునే ఆఖరి రోజున అది మొరాయించిందంటే ఆ కంగారు మామూలుగా ఉండదు. ముందే చూసుకుంటే మంచిది కదూ!

ముందు ఫోటోలు భద్రం

ఏ పని మొదలుపెట్టినా ముందు ఇది చెయ్యండి. పెళ్ళి ఫోటోలు, పిల్లల సర్టిఫికెట్ల కాపీలు, డ్వాక్రా గ్రూపు లెక్కలు, పొలం కాగితాల స్కానింగులు, అన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకో, విడిగా దొరికే హార్డ్ డిస్క్‌లోకో కాపీ చేసి బీరువాలో పెట్టండి. "డి డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉందిగా" అనుకోకండి. చాలా ఇళ్ళల్లో సి, డి రెండూ ఒకే డిస్క్‌లోని రెండు అరలు. బీరువా కాలిపోతే పై అర, కింది అర అని తేడా ఉండదు.

ఇంకో మాట. కంప్యూటర్‌లోంచి "టిక్... టిక్..." మని కొత్తగా చప్పుడు వస్తోందా? ఫైళ్ళు తెరుచుకోకుండా మధ్యలో బిగుసుకుపోతున్నాయా? అయితే డిస్క్ పాడయ్యే దశలో ఉందని అనుమానించాలి. అలాంటప్పుడు చిట్కాలేవీ ప్రయోగించకుండా, ముఖ్యమైనవి ముందు బయటికి తీసుకోండి.

గడియారం పట్టుకుని కూర్చోండి

డాక్టరుగారు "నొప్పి ఎక్కడమ్మా?" అని అడిగినట్టే, కంప్యూటర్ ఎక్కడ ఆగుతోందో తెలుసుకోవాలి. బటన్ నొక్కిన దగ్గర్నుంచి మూడు దశలు ఉంటాయి.

మొదటిది, బటన్ నొక్కాక విండోస్ గుర్తు కనిపించేదాకా. ఇక్కడే ఆలస్యమైతే ముందు వెనక చూసి ఏదైనా పెన్‌డ్రైవ్ మరిచిపోయారేమో తీసెయ్యండి. కంప్యూటర్ దాన్ని కూడా వెతుకుతూ కూర్చుంటుంది. తేదీ, టైము రోజూ తప్పుగా చూపిస్తోందా? మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళలా ఉండే బ్యాటరీ అయిపోయి ఉంటుంది. సిఆర్ 2032 అని అడిగితే వాచీల కొట్లో కూడా ఇస్తారు. చాలా చౌక. తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు, పరీక్షల వెబ్‌సైట్లు కూడా సరిగా తెరుచుకోవు.

రెండోది, గుర్తు కనిపించాక పాస్‌వర్డ్ అడిగేదాకా. ఇక్కడ ఆలస్యమైతే ఎక్కువగా డిస్క్‌దే నింద.

మూడోది, పాస్‌వర్డ్ కొట్టాక పని చెయ్యనిచ్చేదాకా. నూటికి ఎనభై ఇళ్ళల్లో అని చెప్పను గానీ, ఎక్కువమంది విసుక్కునేది ఇక్కడే. దీనికి మందు మీ చేతిలోనే ఉంది.

పిలవని పేరంటాళ్ళు

మీరు ఎప్పుడో ఒక సాఫ్ట్‌వేర్ వేసుకుంటారు. ప్రింటరుది ఒకటి, పాటలది ఒకటి, మొబైల్‌ది ఒకటి. అవన్నీ "కంప్యూటర్ తెరవగానే మేమూ లేస్తాం" అని తమ పేరు తామే రాసేసుకుంటాయి. పొద్దున్నే తలుపు తీయగానే పదిహేనుమంది పిలవని పేరంటాళ్ళు ఒకేసారి గడపలో నిలబడితే ఎలా ఉంటుంది? అదీ సంగతి.

విండోస్ 8, 10, 11 ఉన్నవాళ్ళు కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ అనే కిటికీ తెరుచుకుంటుంది. చిన్నగా కనిపిస్తే కింద "మోర్ డీటెయిల్స్" నొక్కి, తర్వాత "స్టార్టప్" అనే చోటికి వెళ్ళండి. ఒక్కో పేరు పక్కన హై, మీడియం, లో అని రాసి ఉంటుంది. హై అని ఉన్నవాటిలో మీకు రోజూ అక్కర్లేనివి ఎంచుకుని "డిసేబుల్" చెయ్యండి. విండోస్ 7 వాళ్ళు విండోస్ గుర్తున్న మీట, ఆర్ కలిపి నొక్కి, ఎంఎస్‌కాన్ఫిగ్ అని కొడితే అదే జాబితా వస్తుంది.

భయపడకండి. డిసేబుల్ అంటే తీసెయ్యడం కాదు, పిలిచినప్పుడే రమ్మనడం. అయితే యాంటీవైరస్‌నీ, మీరు తెలుగు టైపు చేసే సాఫ్ట్‌వేర్‌నీ, అదేమిటో మీకు తెలియనిదాన్నీ ముట్టుకోకండి. యాంటీవైరస్‌లు రెండు ఉంటే మాత్రం ఒకటి తీసెయ్యాలి. ఒక వంటింట్లో ఇద్దరు పెత్తందార్లుంటే పని సాగదు. విండోస్ 8 నుంచి దానితోనే ఒకటి ఉచితంగా వస్తోంది.

ఇంకో చిన్న చిట్కా. కొత్త విండోస్‌లలో "షట్ డౌన్" అన్నా కంప్యూటర్ పూర్తిగా నిద్రపోదు. తెల్లారి త్వరగా లేవటానికి కొంత మెలకువ దాచుకుంటుంది. అందుకే పాత చిక్కులు అలాగే ఉండిపోతాయి. వారానికోసారి "రీస్టార్ట్" నొక్కండి.

ఇల్లు సర్దినట్టే

సి డ్రైవ్ గొంతుదాకా నిండితే కంప్యూటర్ మసలడానికి చోటుండదు. అయిదో వంతు ఖాళీగా ఉంచితే మంచిది. స్టార్ట్ దగ్గర డిస్క్ క్లీనప్ అని వెతికి, సి డ్రైవ్ ఎంచుకుని, తాత్కాలిక ఫైళ్ళు, రీసైకిల్ బిన్ ఖాళీ చెయ్యండి. ఒక జాగ్రత్త! కొన్ని విండోస్ 10లలో ఆ జాబితాలో "డౌన్‌లోడ్స్" కూడా ఉంటుంది. మీరు దింపుకున్న హాల్‌టికెట్లు, మార్కుల జాబితాలు అందులోనే ఉంటాయి. అక్కడ టిక్కు ఉంటే తీసెయ్యండి.

పాతరకం హార్డ్ డిస్క్ అయితే "డీఫ్రాగ్‌మెంట్" కూడా మేలు చేస్తుంది. చెల్లాచెదురైన ముక్కల్ని ఒక చోటికి చేరుస్తుంది. ఎస్‌ఎస్‌డి ఉన్నవాళ్ళకు ఆ అవసరం లేదు.

పత్తి నూగు, మిరప దుమ్ము

మన ప్రాంతానికే ప్రత్యేకమైన జబ్బు ఇది. పత్తి తీసే రోజుల్లో గాల్లో తేలే నూగు, కళ్ళాల్లో మిరపకాయలు ఎండే రోజుల్లో లేచే దుమ్ము, అన్నీ కంప్యూటర్ ఫ్యాను లోపలికి లాగేసుకుంటుంది. ఫ్యాను కింద ఉండే రేకుల మధ్య దూది పరుపులా పేరుకుంటాయి. వేడి బయటికి పోదు. వేడెక్కిన ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటే మన ఊళ్ళో ఇక చెప్పేదేముంది!

డెస్క్‌టాప్ అయితే కరెంటు వైరు పూర్తిగా పీకేసి, పెట్టెను వరండాలోకి తీసుకెళ్ళి, పక్క మూత తీయండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి. ఫ్యాను రెక్క కదలకుండా వేలితో పట్టుకుని, మెత్తని పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. తడిబట్ట వాడకూడదు. కరెంటు వచ్చే పెట్టెను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకండి, వైరు పీకినా దాని లోపల కరెంటు నిలవ ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే మీరు విప్పకండి. పరుపు మీద, దిండు మీద పెట్టి వాడటం మాత్రం మానండి.

అసలు మందు

ఇవన్నీ చేసినా ఫలితం లేదా? మళ్ళీ టాస్క్ మేనేజర్ తెరవండి. "పెర్ఫార్మెన్స్" దగ్గర కంప్యూటర్ లేచిన పది నిమిషాల తర్వాత కూడా డిస్క్ 100 శాతం దగ్గరే ఉంటే, జబ్బు దొరికినట్టే.

పాత హార్డ్ డిస్క్ లోపల ఒక పళ్ళెం నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంది. కావలసిన ముక్క దగ్గరికి సూదిలాంటి చెయ్యి వెళ్ళి చదవాలి. ఒక్కో ముక్కకి సెకనులో వందో వంతు పట్టినా, లేచేటప్పుడు వేల ముక్కలు కావాలి. ఎస్‌ఎస్‌డిలో తిరిగేది ఏమీ లేదు, అన్నీ చిప్పుల్లోనే. ముక్కను వెతికే పని సుమారు వంద రెట్లు త్వరగా అవుతుంది. అందుకే నాలుగైదు నిమిషాలు పట్టే కంప్యూటర్ కూడా ఎస్‌ఎస్‌డి వేశాక సాధారణంగా నిమిషంలోపే లేస్తుంది. ఇంటివాడకానికి 256 జీబీ సరిపోతుంది.

డిస్క్ బాగానే ఉండి "మెమొరీ" ఎప్పుడూ నిండుగా కనిపిస్తుంటే ర్యామ్ చాలటం లేదని అర్థం. హార్డ్ డిస్క్ సామాన్ల గది అయితే ర్యామ్ వంటగట్టు. గట్టు ఇరుకైతే ఎంత చేయి తిరిగిన వంటమనిషైనా తిరుగుళ్ళతోనే సరిపెడుతుంది. 2 జీబీ ఉంటే 4కో, 8కో పెంచండి. డీడీఆర్ 3 ఉన్నచోట డీడీఆర్ 4 పట్టదు, కాబట్టి పాతది చూపించే కొనండి.

షాపుకు వెళ్తే

"ఏం లేదక్కా, ఫార్మాట్ కొడితే సరిపోద్ది" అంటాడు కుర్రాడు. ఫార్మాట్ అంటే ఉన్నవన్నీ తుడిచిపెట్టడం. కాపీలు తీసుకున్నాకే ఒప్పుకోండి. ఎస్‌ఎస్‌డికి బిల్లు, వారంటీ అడగండి. ధరలు తరచూ మారుతుంటాయి, పొదిలిలోనూ ఒంగోలులోనూ రెండు చోట్ల విచారించండి.

అన్నిటికన్నా ముఖ్యం, తీసేసిన పాత డిస్క్‌ను ఇంటికి తెచ్చుకోండి. "పాడైపోయింది, ఇక్కడే పడేస్తాం" అన్నా వదలొద్దు. ఫైళ్ళు డిలీట్ చేసినా, మామూలుగా ఫార్మాట్ చేసినా వాటిని మళ్ళీ బయటికి తీయవచ్చు. మీ ఆడపిల్లల ఫోటోలు, ఆధార్, బ్యాంకు కాగితాలు పరాయి చేతుల్లో ఎందుకు?

"మీ కంప్యూటర్ నెమ్మదించింది, మేము బాగుచేస్తాం" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టెయ్యండి. వాళ్ళు చెప్పిన సాఫ్ట్‌వేర్ వేసుకుంటే మీ తెర వాళ్ళ చేతికి వెళ్తుంది. డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యాలి.

విండోస్ 10 గడువు సంగతి

విండోస్ 7కి 2020 జనవరి 14తో, విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. కంప్యూటర్ ఆగిపోదు గానీ, ఉచితంగా అందరికీ వచ్చే భద్రతా మరమ్మతులు ఆగిపోయాయి. విండోస్ 11కి 4 జీబీ ర్యామ్‌తో పాటు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు కావాలి. చాలా పాత కంప్యూటర్లలో అది ఉండదు. అలాంటివాటికి ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేయించుకోవచ్చు. లెక్కలు, ఉత్తరాలు, ఇంటర్నెట్, తెలుగు టైపింగ్ అన్నీ సాగుతాయి. విండోస్ మీదే నడిచే డీటీపీ, ట్యాలీ లాంటివి వాడేవాళ్ళు మాత్రం ముందు విచారించుకోండి. పాత విండోస్‌తోనే ఉంటే అందులో బ్యాంకు పని చెయ్యకండి.

1 జీబీ ర్యామ్ దాటి వేసుకునే వీలు లేనిదీ, మాటిమాటికీ ఆగిపోయేదీ, మదర్‌బోర్డు పాడైనదీ అయితే ఇక డబ్బు పెట్టకండి. దానికి విశ్రాంతి ఇవ్వాల్సిందే.

గుర్తుంచుకోండి

• మొదట కాపీలు, తర్వాతే చికిత్స.
• ఒక్కో మార్పు చేశాక గడియారం చూసి ఎంత తగ్గిందో రాసుకోండి. ఏది పనిచేసిందో తెలుస్తుంది.
• కరెంటు పోతుంటే యూపీఎస్ తప్పనిసరి. మధ్యలో ఆరిపోవడం డిస్క్‌కు మంచిది కాదు.
• ఖర్చులేని పనులు ముందు, ఎస్‌ఎస్‌డి తర్వాత, కొత్త కంప్యూటర్ ఆఖరున.

ఈ ఆదివారం మధ్యాహ్నం ఒక గంట కేటాయించి చూడండి. ఆ తర్వాత పప్పు పొయ్యిమీద పెట్టి వచ్చేసరికి మీ కంప్యూటరే మీకోసం ఎదురుచూస్తూ ఉంటుంది!