‘సే లెస్’ అంటే కసురుకోవడం కాదు

అమెరికాలో చదువుకుంటున్న కుమారునికి హైదరాబాదు నుండి తల్లి ఫోన్ చేసిందనుకుందాం. చలికి జాగ్రత్త అని, వేళకు భోజనం చేయమని, ఖర్చు తగ్గించుకోమని ఆమె ఒక్కొక్కటే చెబుతోంది. అవతల నుండి ‘సే లెస్, అమ్మీ’ అన్న సమాధానం వచ్చింది. ఆంగ్లం తెలిసిన ఆ తల్లికి అది ‘తక్కువ మాట్లాడు’ అన్నట్లు వినిపించింది. మనసు చివుక్కుమంది. కానీ కుమారుడు చెప్పదలచింది వేరు: ‘ఇక చెప్పనక్కరలేదు, అర్థమైంది, అలాగే చేస్తాను.’

నేటి యువత నోట వినిపించే ఆంగ్ల అంగీకార పదాలలో ఇలాంటివి అనేకం. ‘యూ కెన్ సే దట్ అగెయిన్’ అంటే మళ్ళీ చెప్పమని కాదు, ‘నూటికి నూరుపాళ్ళు నిజం’ అని. ‘టెల్ మీ అబౌట్ ఇట్’ అంటే వివరించమని కాదు, ‘ఆ బాధ నాకూ తెలుసు’ అని. ‘బెట్’ అంటే పందెం కాయమని కాదు, ‘సరే, తప్పకుండా’ అని. ‘నో క్యాప్’లో క్యాప్ అంటే అబద్ధం, అతిశయోక్తి. కనుక ఆ మాటకు ‘ఒట్టి మాట కాదు, నిజం’ అని అర్థం. మోసగించడాన్ని మనమూ ‘టోపీ పెట్టడం’ అంటాం. ఈ రెంటికీ చుట్టరికం లేకున్నా పోలిక మాత్రం ముచ్చటైనది.

ఎక్కడి నుండి వచ్చాయి?

ఈ మాటలను అల్లరి పిల్లల సృష్టిగా కొట్టిపారేయలేము. ‘బెట్’, ‘నో క్యాప్’ వంటివి ఆఫ్రికన్ అమెరికన్ల వాడుక భాషలో పుట్టి, హిప్‌హాప్ సంగీతం ద్వారా, సామాజిక మాధ్యమాల ద్వారా లోకమంతా పాకాయి. చెప్పిన మాటను మెచ్చుకుంటూ ‘ప్రీచ్’ అనడం నల్లజాతీయుల చర్చిల నుండి వచ్చింది. అక్కడ బోధకుడు ప్రసంగిస్తుండగా శ్రోతలు మధ్య మధ్య గొంతు కలుపుతారు.

బ్రిటిష్ పార్లమెంటులో వినిపించే ‘హియర్, హియర్’ కూడా ఒకనాటి ‘హియర్ హిమ్’, అనగా ‘ఆయన మాట వినండి’ అన్న కేకకు సంక్షిప్త రూపమే. ఇక ‘ఓకే’ సంగతి మరీ విచిత్రం. 1839 మార్చి 23న బోస్టన్ నగరపు పత్రిక ఒకటి ‘ఆల్ కరెక్ట్’ అన్న మాటను కావాలని తప్పు అక్షరాలతో కుదించి హాస్యానికి అచ్చువేసింది. మరుసటి ఏడాది అధ్యక్ష ఎన్నికలలో మార్టిన్ వాన్ బ్యూరెన్ మద్దతుదారులు ఆయన ముద్దుపేరు ‘ఓల్డ్ కిండర్‌హుక్’లోని తొలి అక్షరాలుగా దానిని వాడుకున్నారు. నాటి వేళాకోళం నేడు కార్యాలయాలలోనూ చెల్లుతోంది.

ఎవరితో ఏ మాట?

మరి ఆ తల్లి మనసు ఎందుకు నొచ్చుకుంది? మాట చెడ్డది కావడం వల్ల కాదు. ఇలాంటి పదాల బలమంతా ఇద్దరికీ తెలిసిన సంకేతంలో ఉంటుంది. ఆ సంకేతం తెలియని వారి చెవిన పడితే అంగీకారమే అవమానంగా మారుతుంది. స్నేహితుల మధ్య ‘సే లెస్’ ఆత్మీయత. అదే మాట ఉద్యోగపు ఇంటర్వ్యూలో నిర్లక్ష్యం.

ఈ విచక్షణ మన ఇళ్ళకు కొత్త కాదు. దక్కనీ మాట్లాడే ఇళ్ళలో తోటివారితో ‘హౌ’ అన్న పిల్లవాడే పెద్దల ముందు ‘జీ’ అంటాడు. తెలుగులోనూ మిత్రునితో ‘ఊఁ’ అన్నవాడు తాతయ్యతో ‘అలాగేనండీ’ అంటాడు. అర్థం ఒక్కటే, మర్యాద వేరు. కొత్త భాష నేర్చిన పిల్లలు ఈ పాత పాఠాన్ని దానికీ వర్తింపజేయాలి.

తల్లిదండ్రులకూ ఒక మనవి. వినిపించిన మాటకు కోపగించుకునే ముందు, ‘దాని అర్థమేమిటి నాయనా?’ అని ఒక్కసారి అడిగి చూడండి. ఆ ప్రశ్నతోనే సగం అపార్థాలు తొలగిపోతాయి. ఇక యువతీయువకులు గుర్తుంచుకోవలసింది మరొకటి ఉంది. ‘బెట్’ అన్నా, ‘జీ’ అన్నా, ‘అలాగే’ అన్నా మీరిచ్చింది మాట. పదం ఏ భాషదైనా, దాన్ని నిలబెట్టేది మీరు చేసే పనే.