ఇంటర్వ్యూ పొద్దున.. రైలు రాత్రికి!

బెజవాడ నుంచి వైజాగ్ సుమారు 350 కిలోమీటర్లు. ఇంటర్వ్యూ మధ్యాహ్నానికే అయిపోతుంది, తిరుగు రైలేమో రాత్రికి. మొదటిసారి ఆ టైమంతా ప్లాట్‌ఫాం బెంచీ మీదే గడిపేశా, చెప్పలేకపోయిన జవాబులే తలచుకుంటూ.

రెండోసారి బ్యాగు స్టేషన్ క్లోక్‌రూంలో పెట్టేశా (బ్యాగుకి తాళం ఉండాలి, సర్టిఫికెట్లు మాత్రం మన దగ్గరే). సిటీ బస్సెక్కి ఆర్కే బీచ్‌లో దిగా. అక్కడ ఐఎన్‌ఎస్ కుర్సురా ఉంది. 1969లో నేవీలో చేరి, 2001లో రిటైరై, 2002లో మ్యూజియంగా మారిన జలాంతర్గామి. 91 మీటర్ల ఇనుప గొట్టంలో టార్పెడోలు, ఇంజిన్లు, పడకలు, వంటగది! నీటిపైన డీజిల్ ఇంజిన్లతో బ్యాటరీలు ఛార్జి చేసుకుని, నీటి అడుగున మోటార్లతో నడిచేది. మెకానికల్, ట్రిపుల్ఈ వాళ్లకి సిలబస్ కళ్లముందే ఉన్నట్టు. రోడ్డు దాటితే టీయూ-142 యుద్ధవిమానం. కుర్సురాకి సోమవారం సెలవు. టైమింగ్స్, టికెట్ రేటు ముందే చూసుకోండి.

సాయంత్రం మురీ మిక్చర్ కొనుక్కుని ఇసుకలో కూర్చుంటే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. 1933లో మొదలైన పోర్టు ఆ కొండ చాటునే ఉంది. సముద్రం చూడ్డానికి టికెట్ లేదు.

నా రూల్ ఒక్కటే: స్టేషన్‌కి బస్సు ఛార్జీ, రాత్రి భోజనం డబ్బులు వేరే జేబులో పెట్టాకే మిగతా ఖర్చు.

ఆ ఉద్యోగం రాలేదు. కానీ తర్వాతి ఇంటర్వ్యూలో ‘మీరు దగ్గరగా చూసిన మెషీన్ ఒకటి చెప్పండి’ అన్నప్పుడు మాత్రం తడుముకోలేదు.